పాత చర్చిలో బెంచీలా, కుర్చీలా: ఏది మేలు?

నూరేళ్లు దాటిన చర్చిలో కొత్త ఆసనాలు వేయించదలచినప్పుడు పొడవాటి బెంచీలు మేలా, విడి కుర్చీలు మేలా అని విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతపు సంఘ పెద్దలు తరచుగా అడుగుతున్నారు. చాపల మీద కూర్చుని ఆరాధించడం ఇక్కడి పాత వాడుకే అయినా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఆసనాలు తప్పవు.

బెంచీల పక్షాన చెప్పవలసింది తక్కువేమీ కాదు. మనిషికి అడుగున్నర చొప్పున ఆరడుగుల బెంచీకి నలుగురని లెక్క వేసినా, క్రిస్మస్ నాడు సర్దుకుంటే ఐదుగురు పడతారు, వరుస చెదరదు, ఎత్తైన కప్పు కింద టేకు వరుసలకుండే నిండుదనం కుర్చీలకు రాదు.

అయినా నా దృష్టిలో దీన్ని తేల్చేవి గోడా, నేలా. సున్నపు గార పూసిన పాత గోడ నేలలోని చెమ్మను పీల్చి గాలికి వదులుతూ ఉంటుంది. బరువైన బెంచీని దానికి ఆనించి, కదలకుండా నాపరాయికి బోల్టులు బిగిస్తే, ఆ వెనుక గాలి ఆడదు, చీపురు చేరదు. కొన్నేళ్లకు గార ఉప్పు పట్టి పొరలుగా రాలుతుంది, బెంచీ కాళ్లు అడుగున అంగుళం మేర నల్లబడి, గోరుతో గిల్లితే పొడి అవుతాయి. బోల్టు కోసం తొలిచిన రాయి మళ్లీ అతకదు. కుర్చీలనైతే శనివారం పక్కకు తీసి నేల కడగవచ్చు, కోత పండుగకు ఖాళీ చేసి చాపలు పరచవచ్చు. 2014లో హుద్‌హుద్ తుఫానును, 2018లో తిత్లీ తుఫానును చూసిన జిల్లాలు మనవి. పెంకు లేచి వాన లోపలికి దిగిన రాత్రి, ఇద్దరు మోయగలిగిన సామానే దక్కుతుంది.

కొత్తవి పాతవాటికి అచ్చు నకలుగా ఉండాలన్న పట్టుదల కూడా అనవసరం. కట్టడాల పరిరక్షణకు ప్రమాణంగా భావించే 1964 నాటి వెనిస్ ఒడంబడిక సైతం, తప్పనిసరై చేర్చే కొత్త పని తన కాలపు ముద్రతో వేరుగా తెలియాలనే చెబుతుంది. చెక్కడాలు లేని సాదా కుర్చీని పనస చేవతో చేయించవచ్చు. బొబ్బిలి వీణకు వాడేదీ ఆ కర్రనే. ఏళ్లు గడిచేకొద్దీ దాని పసుపు ఛాయ ముదురుతుంది కనుక పాత టేకు పక్కన ఎబ్బెట్టుగా ఉండదు.

ప్లాస్టిక్ కుర్చీలు బయటి పందిరికి చాలు. ఇనుప మడత కుర్చీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాతిపై మరకలు వేస్తాయి.

పాత బెంచీలు ఇంకా గట్టిగా ఉంటే తీసివేయనక్కరలేదు. ముందు రెండు వరుసలుగా, గోడకు జానెడు ఎడంగా, బోల్టులు లేకుండా ఉంచి, వెనుక కుర్చీలు వేసుకోవచ్చు. రాతి మీద కీచుమనకుండా కాళ్లకు రబ్బరు బిళ్లలు, పక్క కుర్చీకి తగిలించే కొక్కెం, వెనుక కూర్చున్నవారు బైబిలూ పాటల పుస్తకమూ పెట్టుకోవడానికి వీపు చెక్కకు చిన్న అర కావాలని వడ్రంగికి ముందే చెప్పాలి.