వేసవిలో పిల్లలకు సైకాలజీ: క్యాంపా, ఆన్‌లైన్ కోర్సా, ఇంటి ప్రయోగాలా? ఏది మేలు?

ఏప్రిల్ నెలాఖరుకు హనుమకొండలో ఏ కూడలి చూసినా సమ్మర్ క్యాంపుల బ్యానర్లే. ఈత, కరాటే, చెస్, స్పోకెన్ ఇంగ్లిష్ ఎప్పటినుంచో ఉన్నవే. వాటి పక్కన ఇప్పుడు ‘మైండ్ పవర్’, ‘మెమరీ’, ‘చైల్డ్ సైకాలజీ’ అనే మాటలూ కనిపిస్తున్నాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులు నన్ను అడిగేది ఒకటే: సార్, మావాడికి సైకాలజీ అంటే ఇష్టం, ఎక్కడ చేర్పిస్తే బాగుంటుంది?

ఆ ఇష్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బాగా చదివిన పాఠం పరీక్ష హాలులో ఎందుకు గుర్తుకు రాదు, నలుగురిలో లేచి మాట్లాడాలంటే గుండె ఎందుకు దడదడలాడుతుంది, స్నేహితురాలు అలిగితే అన్నం ఎందుకు సహించదు అని పిల్లలు మొదటిసారి తమను తాము ప్రశ్నించుకునే వయసు ఇది. ‘ఇలా అయితే ఏమవుతుంది’ అని ఊహించి, ఆ ఊహను పరీక్షించే శక్తి పదకొండు పన్నెండేళ్లకు మొదలవుతుందని స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త పియాజే చెప్పాడు. అందుకే నేను ఏ అవకాశాన్నైనా ఒకే ప్రశ్నతో తూస్తాను. అక్కడ పిల్లవాడు సొంతంగా ప్రశ్న వేసి, కొలిచి, తన అంచనా తప్పని తెలుసుకునే వీలుందా?

ముందు క్యాంపుల సంగతి. మంచి క్యాంపు మంచిదే. పదిమంది కొత్త పిల్లలతో కలవడం, చిన్న నాటిక వేయడం, ఎదుటివారు చెప్పేది పూర్తిగా వినడం అలవాటు కావడం, ఇవన్నీ ఇంట్లో దొరకవు. అయితే సైకాలజీ పేరుతో వచ్చేవాటిలో రెండింటికి మాత్రం దూరంగా ఉండాలి. కళ్లకు గంతలు కట్టుకుని రంగులు చెప్పడం, పుస్తకం చదవడం నేర్పిస్తామనే ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ మొదటిది. గంతకూ ముక్కుకూ మధ్య ఉండే సందులోంచి చూడటమే అక్కడి విద్య. పిల్లవాడికి అది తెలుసు, చెప్పడానికి భయపడతాడు. పెద్దల మెప్పు కోసం అబద్ధమాడటాన్ని డబ్బిచ్చి నేర్పించినట్టవుతుంది. వేలిముద్రలు తీసుకుని, మీ పాప డాక్టరవుతుందో కళాకారిణి అవుతుందో చెబుతామనే పరీక్ష రెండోది. వేలిముద్రల గీతలు తల్లి కడుపులోనే ఏర్పడిపోతాయి. అభిరుచికీ తెలివితేటలకూ వాటితో ముడిపెట్టడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఆ నివేదికలోని ఒక్క వాక్యం పట్టుకుని లెక్కలు తనవల్ల కావని పిల్ల తీర్మానించుకుంటే, ఆ మాట మనసులోంచి తీసేయడానికి ఏళ్లు పడుతుంది.

మరి చేర్చే ముందు ఏమి అడగాలి? చెప్పేవారు ఏమి చదివారో అడగండి. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ నంబరు అడగడానికి మొహమాటపడవద్దు. రోజూ పిల్లలు తమ చేతులతో ఏమి చేస్తారో అడగండి. మార్కులు పెరుగుతాయని హామీ ఇస్తే అక్కడినుంచి వచ్చేయండి. హైదరాబాద్‌లోని రెసిడెన్షియల్ క్యాంపుల గురించి ఎక్కువ చెప్పను. కాజీపేటలో రైలెక్కితే ప్రయాణం పెద్ద దూరమేమీ కాదు గానీ, ఈ వయసులో సైకాలజీ కోసం ఇల్లు విడిచి వెళ్లవలసిన అవసరం నాకు కనిపించదు.

ఆన్‌లైన్ కోర్సుల్లో విషయం గట్టిగా ఉంటుంది. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే శాస్త్రవేత్త సైకాలజీకి తొలి ప్రయోగశాల పెట్టడం దగ్గర మొదలుపెట్టి పావ్‌లోవ్ కుక్కల ప్రయోగాల (తిండి వస్తుందన్న సూచనకే వాటికి లాలాజలం ఊరడం) మీదుగా జ్ఞాపకశక్తి దాకా వరుసగా చెబుతారు. ఎండ మండిపోయే మధ్యాహ్నం ఇంట్లోనే కూర్చుని చూడవచ్చు. ఇబ్బందల్లా అవి ఇంటర్, డిగ్రీ పిల్లల స్థాయిలో, ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉండటమే. చాలా వేదికలు 13 ఏళ్లు నిండనివారికి సొంత ఖాతా కూడా ఇవ్వవు. ఏడో తరగతి పిల్ల నెల రోజులు వీడియోలు చూసి పది పేర్లు నేర్చుకుంటుంది, ఒక్క ప్రశ్న కూడా తాను వేయకుండా సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది. డబ్బు పెట్టే ముందు ఎన్‌సీఈఆర్‌టీ వారి 11వ తరగతి సైకాలజీ పుస్తకం చూడండి. వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండో అధ్యాయం పరిశోధన పద్ధతుల గురించే. ఎనిమిదో తరగతి పిల్లలు పక్కన ఒక పెద్దవారుంటే దాన్ని నెమ్మదిగా చదవగలరు. తెలుగులో లేకపోవడం పెద్ద లోటు.

ఇక ఇంటి ప్రయోగాలు. నా మొగ్గు ఇటే, కారణం కూడా చెబుతాను. మన జిల్లాల్లో చాలా ఇళ్లలో సైకాలజీ చదివినవారు ఇప్పటికే ఉన్నారు. టెట్‌కో డీఎస్సీకో తయారవుతున్న అక్క, బాబాయి, పిన్ని ఎవరో ఒకరు ఉంటారు. టెట్‌లో 150 మార్కులకు 30 మార్కులు శిశు వికాసానివే. పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి పియాజే చెప్పిన దశలు వాళ్లకు కంఠతా వచ్చు, కానీ వాటిని పిల్లల మీద పరీక్షించి చూసినవారు తక్కువ. వాళ్లను, ఏడో తరగతి పిల్లను, వీధిలోని నాలుగైదేళ్ల బుడతడిని ఒకచోట కూర్చోబెట్టండి. ఒకే రకం గాజు గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, సమానమేనా అని బుడతడిని అడగాలి. ఔనన్నాక వాడి కళ్ల ముందే ఒకదాన్ని పొడుగాటి సన్నని సీసాలోకి వంచాలి. ఇప్పుడు దేనిలో ఎక్కువ? సాధారణంగా ఆ వయసువాడు సీసా వైపే వేలు చూపిస్తాడు. తిరిగి గ్లాసులో పోస్తే మళ్లీ సమానం అంటాడు. అసలు పాఠం ఏడో తరగతి పిల్లకు ఇక్కడే దొరుకుతుంది. “కాదురా, అవే నీళ్లు కదా” అని దిద్దాలని నోటిదాకా వస్తుంది. ఆపుకోవాలి. ఎందుకు అని మాత్రమే అడిగి, వాడు చెప్పిన మాట చెప్పినట్టే నోటుబుక్కులో రాసుకోవాలి. అదే ప్రశ్న ఎనిమిదేళ్ల పిల్లాడిని అడిగితే జవాబు మారుతుంది. పక్కనున్న అక్కకు కూడా గైడులోని వాక్యం ఆ రోజు అర్థమవుతుంది.

నాకు ఇంకా ఇష్టమైనది 1935లో స్ట్రూప్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన రంగుల ప్రయోగం. ‘ఎరుపు’ అన్న మాటను ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, ‘నీలం’ అన్న మాటను ఎర్ర పెన్నుతో, ఇలా ఇరవై మాటలు రాయాలి. మాటను చదవకుండా సిరా రంగు మాత్రమే గబగబా చెప్పాలి. ఉత్త రంగు చుక్కలకు పట్టే సమయంతో పోలిస్తే ఇక్కడ ఎక్కువ పడుతుంది, నాలుక తడబడుతుంది. చదవడం మనకు అంత అలవాటైపోయింది, వద్దనుకున్నా ఆగదు. ఇక మన పిల్లలకు మాత్రమే తట్టే ప్రశ్న ఒకటుంది. ఇదే పట్టికను ఇంగ్లిష్ మాటలతో రాస్తే తడబాటు ఎక్కువా, తెలుగు మాటలతో రాస్తే ఎక్కువా? ఇంగ్లిష్ మీడియం పిల్లకు ఒకలా, తెలుగు దినపత్రిక రోజూ చదివే తాతకు ఒకలా రావచ్చు. ఇంకా అక్షరాలు రాని చెల్లెలికి అసలు తడబాటే ఉండకూడదు. ముందుగా అంచనా రాసిపెట్టుకుని, తర్వాత ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే, దీనికి మించిన కోర్సు ఎక్కడుంది?

స్కేలు ప్రయోగం ఇంకా సులువు. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి, కింద సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచినవారు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల దగ్గర దొరికితే సుమారు సెకనులో ఐదో వంతు పట్టినట్టు. 15 దగ్గర దొరికితే 0.175 సెకను. మధ్యాహ్నం కునుకు తీసిన వెంటనే నానమ్మకు ఎంత, సాయంత్రం టీ తాగాక ఎంత? ఒక్కసారి కొలిస్తే చాలదు, పదిసార్లు కొలిచి సగటు తీయాలని పిల్లలు తమంతట తామే కనిపెడతారు.

పరకాల, నర్సంపేట, ములుగు వైపు పల్లెల్లో క్యాంపు మాటే ఉండదు. ఉపాధి హామీ పనికి పొద్దున్నే వెళ్లి ఎండెక్కాక వచ్చే అమ్మను ఇంకొకటి నేర్పించమనడం న్యాయం కాదు. అక్కడ కూడా ఈ పద్ధతి నడుస్తుంది. కావలసినవి ఒక లాంగ్ నోట్‌బుక్, స్కేలు, స్కెచ్ పెన్నులు, తోడుగా నలుగురు పిల్లలు.

లోపాలు లేకపోలేదు. నడిపే పెద్దలు లేకపోతే రెండో వారానికే నోటుబుక్కు మూలన పడుతుంది. అంతకంటే కలవరపెట్టేది, నాలుగు మాటలు తెలియగానే పిల్లలు ఒకరికొకరు జబ్బులు అంటగట్టడం. “నీకు డిప్రెషన్” అని ఆటపట్టిస్తే అక్కడికక్కడే గట్టిగా ఆపాలి. మొదటి రోజే నియమాలు చెప్పండి. అడిగి, ఒప్పుకున్నవారితోనే ప్రయోగం. మధ్యలో వద్దంటే వదిలేయాలి. నోటుబుక్కులో పేరు రాయకూడదు, వయసు చాలు. భయపెట్టేవి, ఏడిపించేవి చేయకూడదు. మాటల్లో మాటగా ఏ పిల్లవాడైనా తన అసలు బాధ బయటపెడితే అది ప్రయోగాల సమయం కాదు, పెద్దలు విని తోడు నిలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కాబట్టి ఆరు, ఏడు తరగతులవారికి ఇంటి ప్రయోగాలే మేలు, సందేహం లేదు. ఎనిమిదో తరగతి పిల్లకు ఇంగ్లిష్ బాగా వస్తే రెండు వారాలు ప్రయోగాలు చేయించి, ఆ తర్వాత పుస్తకమో ఆన్‌లైన్ పాఠమో ఇవ్వండి. తాను కొలిచి చూసిన విషయమే అందులో ఎదురైతే చదవడంలో హుషారు వేరుగా ఉంటుంది. కాలనీలో తోటి పిల్లలు లేక, నలుగురిలో కలవలేక ఉన్న పిల్లకు మాత్రం క్యాంపే మంచిది. అప్పుడు కూడా సైకాలజీ బోర్డున్న క్యాంపు కంటే నాటకాలు వేయించే క్యాంపుకే నా ఓటు. మరొకరి పాత్రలో నిలబడి మాట్లాడితే ఎదుటి మనసు తెలిసినంతగా ఉపన్యాసం వింటే తెలియదు.

తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తూ, ఇంట్లో అక్కలూ బాబాయిలూ లేనివారికి ఒక దారి ఉంది. అపార్ట్‌మెంట్‌లో మూడు కుటుంబాలు కలిసి వంతులు వేసుకోండి, సాయంత్రం ఆరు దాటాక గంట చాలు. మే మొదటి వారంలో మొదలుపెడితే జూన్ 12న బడి తెరిచేలోగా ఈ మూడు ప్రయోగాలూ తీరిగ్గా పూర్తవుతాయి. నోటుబుక్కు సైన్సు టీచరుకు చూపించమనండి.