రెండున్నర వేల షోకేస్, గురువారం ఓపెన్ మైక్: బెంగళూరులో సొంత పాటలు పాడుకునేవాళ్ల కోసం

పోయిన వారం అనంతపురం నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. ‘అక్కా, బెంగళూరులో ఒక షోకేస్‌కి నా పాటలు సెలక్ట్ అయినాయంట. రెండున్నర వేలు కట్టమంటున్నారు. ఇండస్ట్రీ వాళ్లు వస్తారంట. కట్టేదా, వద్దా?’ అని. షోకేస్ అంటే కొత్తవాళ్ల చేత వరుసగా పాడించి ఇండస్ట్రీ వాళ్లకు చూపించే కార్యక్రమం. ఫోన్‌లో వద్దనే చెప్పాను. కానీ ఎందుకు వద్దో, దాని బదులు ఎక్కడికి వెళ్లాలో వివరంగా రాయాలనిపించింది. ఎనిమిది నెలల కింద అచ్చం ఇలాంటి మెసేజే నాకూ వచ్చింది. నేను కట్టాను.

మాది ప్రొద్దుటూరు. కె.ఆర్.పురంలో పీజీలో ఉంటాను, సీవీ రామన్ నగర్‌లో ఒక ఆఫీసులో టెస్టింగ్ పని. తెలుగులో పాటలు రాసుకుని, బాణీ కట్టుకుని, గిటార్ మీద పాడతాను. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి.

ముందు ఆ షోకేస్ సంగతి. కోరమంగలలో ఒక పబ్బు పై అంతస్తులో జరిగింది. నిర్వాహకుల పేరు రాయను, ఈ పద్ధతిలో నడిపేవాళ్లు వాళ్లొక్కరే కాదు. ఎంట్రీ ఫీజు 2,500 రూపాయలు. అది కాక ఒక్కొక్కరు 300 రూపాయల టికెట్లు పదిహేను అమ్మాలి, అమ్ముడుపోనివి మనమే కొనాలి. ఆఫీసులో మొహమాటపెట్టి తొమ్మిది అమ్మాను, మిగతా ఆరు నేనే కొన్నాను. అంటే ఆ ఒక్క సాయంత్రానికి నా చేతి నుంచి 4,300 పోయింది. మొత్తం పద్నాలుగు మందిమి పాడాం. ఫీజులు 35,000, టికెట్లు 63,000. దాంట్లో పాడినవాళ్లకు ఒక్క రూపాయి కూడా రాలేదు.

ఉన్నమాట చెప్పాలి, లైట్లు చాలా బాగున్నాయి. స్పీకర్లు కూడా మంచివే. కానీ సౌండ్ చెక్ లేదు. ఒకరు దిగగానే ఇంకొకరు ఎక్కడమే. పది నిమిషాలు అన్నారు, నా వంతు వచ్చేసరికి ఏడు నిమిషాలే మిగిలాయి. పోస్టర్ మీద ముగ్గురు ఇండస్ట్రీ పెద్దల ఫొటోలు వేశారు. వచ్చింది ఇద్దరు. వాళ్లు ముందు వరుసలో కూర్చుని ఆరో బ్యాండ్ దాకా విన్నారు. నాది పదకొండో నంబరు. నేను స్టేజీ ఎక్కి చూసేసరికి ఆ రెండు కుర్చీల్లో ఎవరివో హెల్మెట్లు ఉన్నాయి. నేను పాడింది ఆ హెల్మెట్లకి. ఆ రాత్రి ఆటోలో పీజీకి వస్తూ ఏడ్చాను.

నెట్‌వర్కింగ్ అన్నది స్నాక్స్ టైములో అరగంట. పద్నాలుగు మందీ ఆ ఇద్దరి చుట్టూ చేరి ఫోన్లు చాపుతున్నారు. మా పక్కన ఎవరున్నారో మేము చూసుకోలేదు. ఇస్తామన్న వీడియో ఇప్పటికీ రాలేదు. దానికంటే బాధపెట్టిన విషయం ఇంకోటి ఉంది. సంతకం పెట్టించుకున్న ఫారంలో చివరి పేజీలో, ఆ రోజు పాడినవాటి రికార్డింగ్ మీద హక్కులన్నీ నిర్వాహకులవే అని ఉంది. టెన్షన్‌లో చదవకుండానే సంతకం పెట్టాను. తమ్ముడూ, నీకు పంపిన ఫారం మొత్తం చదువు. ఎంతమంది పాడుతున్నారు, సౌండ్ చెక్ ఉందా, టికెట్ డబ్బులో పాడేవాళ్లకు వాటా ఎంత అని అడుగు. వీటికి సూటిగా జవాబు రాకపోతే డబ్బు పంపొద్దు.

అక్కడ ఒక్క మంచి జరిగింది. మెట్ల మీద నా వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కన ఒకాయన కహోన్ అనే తాళం వాయించే చెక్క పెట్టె ఒళ్లో పెట్టుకుని వేళ్లతో చిన్నగా తాళం వేస్తున్నాడు. ‘ఏ ఊరమ్మా?’ అన్నాడు. ఆయనది హిందూపురం. తొమ్మిదో నంబరు బ్యాండ్‌తో వచ్చాడు. నా పాటకు హాలు చివర నిలబడి చప్పట్లు కొట్టింది ఆయనొక్కడే. పోతూ పోతూ, ‘గురువారం ఇందిరానగర్‌కి రా. అక్కడ ఎవ్వరూ డబ్బులడగరు’ అన్నాడు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆ గురువారం ఓపెన్ మైక్ గురించే. ఓపెన్ మైక్ అంటే లిస్టులో పేరు రాయించుకున్న ఎవరైనా స్టేజీ ఎక్కి పాడొచ్చు. ఇందిరానగర్ 12వ మెయిన్ పక్క సందులో, ఒక కఫే రెండో అంతస్తులో జరుగుతుంది. నలభై కుర్చీలు, ఒక మూల జానెడెత్తు చెక్క స్టేజీ. పాడేవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు. వినడానికి వచ్చేవాళ్లకు 150, అది కాఫీ బిల్లులో తగ్గిస్తారు. పాడినా పాడకపోయినా నేను కాఫీ తాగుతాను కాబట్టి నాకూ అంతే ఖర్చు. ఒక్కొక్కరికి రెండు పాటలు, లేదా పది నిమిషాలు. కె.ఆర్.పురం నుంచి పర్పుల్ లైన్‌లో నాలుగో స్టేషనే ఇందిరానగర్. ఆఫీసు నుంచి పీజీకి వెళ్లి గిటార్ తీసుకుని ఏడు గంటలకల్లా చేరుకుంటాను.

మొదటి గురువారమే నా గిటార్ మొండికేసింది. దాని పికప్, అంటే తీగల శబ్దాన్ని స్పీకరుకు పంపే పరికరం, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ముందురోజు రాత్రి ప్రాక్టీస్ చేసి గిటార్‌కు పెట్టిన జాక్ వైరు ఊడదీయడం మరిచిపోయాను. జాక్ పెట్టి ఉంచితే గిటార్ మోగకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని అప్పుడు నాకు తెలియదు. స్టేజీ మీద తీగ మీటితే స్పీకర్లో ఏమీ లేదు. నా చేతులు చల్లబడిపోయాయి. సౌండ్ చూసే కన్నడ అన్న గబగబా వచ్చాడు. కంగారు పడొద్దని సైగ చేసి, ‘జాక్ తెగెదుబిడి’ (జాక్ తీసేయండి) అని, ఒక చిన్న స్టాండ్ మీద మైకు పెట్టి నా గిటార్ ముందు మోకాలి మీద కూర్చున్నాడు. మైకును గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టలేదు. అక్కడ పెడితే గుమ్‌మని మోత వస్తుందట. మెడ వచ్చి పెట్టెను కలిసేచోటికి గురిపెట్టి, ఒక జానెడు వెనక్కి జరిపాడు. ఒక తీగ మీటమన్నాడు, కళ్లు మూసుకుని విన్నాడు, రెండు వేళ్లంత పక్కకు తిప్పాడు. నా కాళ్ల దగ్గరున్న మానిటర్ (పాడేవాళ్లకు వినబడే స్పీకరు) మొహం గోడవైపు కొంచెం మళ్లించాడు, కీచుమనకుండా. ‘అల్లాడబేడి’ అని నవ్వి వెళ్లిపోయాడు. కదలకుండా పాడాను. పికప్ ఇచ్చే పలచటి రేకు శబ్దం కాకుండా నా గిటార్ చెక్క గొంతు నేను మొదటిసారి హాల్లో విన్నది ఆ రోజే. ఇప్పుడు బ్యాటరీ ఉన్నా సరే, మైకే పెట్టమని అడుగుతాను.

ఆ రోజు రెండో పాట మా అవ్వ మీద రాసింది. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలిచేది, ఒలిచిన ప్రతి పది గింజల్లో ఒకటి నా నోట్లో వేసేది. పాటలో ‘చెనక్కాయ’ అన్న మాట పల్లవిలోనే నాలుగుసార్లు వస్తుంది. హాల్లో తెలుగువాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. పాడేముందు భయపడుతూనే, ‘చెనక్కాయ అంటే కడలెకాయి’ అన్నాను. హాలంతా ఒక్కసారి ‘ఓ!’ అంది. బసవనగుడిలో ప్రతి కార్తీకంలో కడలెకాయి పరిషె జరిగే ఊరు ఇది, ఆ కాయ ఎవరికి తెలియదు! మూడోసారి పల్లవి వచ్చేసరికి వెనక వరుసవాళ్లు ‘చెనక్కాయ’ అని నాతో కలిశారు. దిగాక ఒక పెద్దావిడ వచ్చి, ‘అర్థ ఆగ్లిల్ల, ఆదరె తుంబా చెన్నాగిత్తు’ (అర్థం కాలేదు, కానీ చాలా బాగుంది) అంది, ఆ వెంటనే ఒక్కో చరణానికీ అర్థం చెప్పించుకుంది. తెలుగు పాట బెంగళూరులో ఎవరు వింటారని నన్ను చాలామంది అడిగారు. ఈ ఊరి అగం బ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ల మధ్య త్యాగరాజ కీర్తనలు పాడుతుంటే అర్థం తెలియనివాళ్లు కూడా తోడు పాడతారు. భాష అడ్డం కాదని నాకు నమ్మకం కలిగింది మాత్రం ఆ చెనక్కాయ దగ్గరే.

ఇంకో తప్పు కూడా చేశాను. మొదటి రెండు వారాలు నా పాటలు కాగానే గిటార్ సర్దుకుని మెట్రోకి పరుగెత్తాను. మూడో వారం హిందూపురం అన్న మెట్ల దగ్గర ఆపాడు. ‘అట్ల పోతే ఎట్లమ్మా? మనం వాళ్లది వినకపోతే వాళ్లు మనది ఎందుకు వింటారు?’ అన్నాడు. అప్పట్నుంచి చివరి పాట దాకా ఉంటున్నాను. నాకు దొరికినవన్నీ ఆ తర్వాతే దొరికాయి. ఒక మలయాళీ వయొలిన్ అమ్మాయి పాట నచ్చి మాట కలిపాను, ఇప్పుడు ఆ అమ్మాయి, హిందూపురం అన్న, నేను కలిసి వాయిస్తున్నాం. తిప్పసంద్రలో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకున్న కుర్రాడు రెండు సాయంత్రాల్లో నా పాట రికార్డ్ చేసి 4,000 తీసుకున్నాడు. మారతహళ్లిలో ఒక అపార్ట్‌మెంట్ ఉగాదికి మా ముగ్గురికీ కలిపి 6,000 ఇచ్చారు. పాటకు నేను తీసుకున్న మొదటి డబ్బు అది. నాన్నకు ఫోన్ చేసి చెబితే, ‘అవ్వ పాట పాడినావా అమ్మా?’ అని మాత్రమే అడిగాడు.

ఏ షోకేసులోనూ చెప్పని విషయాలు కూడా ఆ కాఫీ టేబుళ్ల దగ్గరే తెలిశాయి. పాట రాసేవాళ్లు, బాణీ కట్టేవాళ్లు ఐపీఆర్ఎస్‌లో సభ్యులుగా చేరొచ్చని నాకు తెలియదు. పాట వాడుకున్నవాళ్ల దగ్గర రాయల్టీ డబ్బు వసూలు చేసి సభ్యులకు పంచే సొసైటీ అది, 1969 నుంచి ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ రాయల్టీలో హక్కులు తీసుకున్న కంపెనీతో సమానంగా వాటా వస్తుంది. ఆ వాటాను వారసులకో సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. అలాగే స్పాటిఫైలో పాట పెట్టేటప్పుడు కనీసం ఏడు రోజుల ముందే వాళ్ల ఎడిటర్లకు పంపుకోవాలి. ఏడాదిలో వెయ్యి సార్లు వినబడని పాటకు అక్కడ డబ్బు రాదు, 2024 నుంచి ఈ నియమం ఉంది. ప్రతి రికార్డింగ్‌నూ గుర్తుపట్టడానికి పన్నెండు అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుందని, పాటను యాప్‌లకు పంపిణీ చేసేవాళ్లే దాన్ని ఇస్తారని, ఆ నంబరు రాసిపెట్టుకోవాలని వయొలిన్ అమ్మాయి చెప్పింది. నేను పాట విడుదల చేసేముందు ఇవన్నీ తెలియడం వల్ల తప్పులు తగ్గాయి.

లోపాలూ ఉన్నాయి. కాఫీ మెషీన్ స్టేజీకి దగ్గర. నెమ్మది పాట మధ్యలో బుస్సుమంటే మనసు చివుక్కుమంటుంది. లిఫ్టు లేదు, కీబోర్డు మోసుకొచ్చేవాళ్లకు ఆ ఇరుకు మెట్లు నరకం. వినేవాళ్లలో సగం మంది పాడేవాళ్లే. రెండు పాటలకు మించి ఇవ్వరు కాబట్టి అరగంట కచేరీ ఎలా నడపాలో ఇక్కడ నేర్చుకోలేం. దానికి వేరే చోట్లు చూసుకోవాలి. 2009లో లండన్‌లో మొదలైన సోఫార్ సౌండ్స్ కచేరీలు బెంగళూరులో కూడా జరిగాయి. నేను వినడానికి ఒకసారి వెళ్లాను. అడ్రస్ ముందురోజు మాత్రమే చెప్పారు, అందరం నేల మీద కూర్చున్నాం, ముగ్గురు పాడారు, ఒక్కరూ ఫోన్ తీయలేదు. పాడాలంటే లైవ్ వీడియో పంపి దరఖాస్తు చేసుకోవాలి. మా ముగ్గురి వీడియో ఈ నెల పంపుతున్నాం.

ఇలాంటి చోట్లను మనమే కాపాడుకోవాలి. ఇదే ఇందిరానగర్‌లో ఎన్నో సొంత పాటల బ్యాండ్లకు ఇల్లులాగా ఉండిన హమ్మింగ్ ట్రీ 2019లో మూతపడింది. అంతకు ముందు ఏడాది లైసెన్సుల గొడవతో నగరంలో చాలా హోటళ్లలో, బార్లలో లైవ్ పాటలే ఆగిపోయాయి. పాత సంగీతకారులు ఆ రోజుల గురించి చెబుతుంటే గొంతు మారుతుంది. అందుకే నేను పాడని వారం కూడా వెళ్లి ఆ 150 ఇస్తున్నాను. ఎనిమిది నెలల్లో ఇరవై రెండు గురువారాలు వెళ్లాను. కాఫీలతో కలిపి 3,300 అయింది, ఆ ఒక్క షోకేస్‌కు పెట్టినదానికంటే వెయ్యి తక్కువ.

తమ్ముడు వచ్చే గురువారం అనంతపురం నుంచి బస్సులో వస్తున్నాడు. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. లిస్టు ఏడింటికి తెరుస్తారు, ఏడుంబావుకల్లా నిండిపోతుంది, కాబట్టి ఆరున్నరకే మెట్ల మీద ఉండండి. స్పేర్ బ్యాటరీ, స్పేర్ తీగలు, కేపో (శ్రుతి పెంచడానికి గిటార్ మెడకు బిగించే క్లిప్పు), మీ సొంత జాక్ వైరు తెచ్చుకోండి. పదింటికల్లా ఆపేస్తారు, చివరి మెట్రో అందుతుంది. సౌండ్ అన్నకు మీ పేరు, ఏం వాయిస్తారో ముందే చెప్పండి. అతను పాల కాఫీ తాగడు, ఇప్పిస్తే బ్లాక్ కాఫీ ఇప్పించండి.