హరారే, గ్రేట్ జింబాబ్వే, ఖామీ: గోడలు చూడటానికి ఒక యాత్ర

జింబాబ్వే అనగానే మనవాళ్లు విక్టోరియా జలపాతానికి టికెట్లు వేయించుకుంటారు. కట్టడాల మీద ఆసక్తి ఉంటే జలపాతానికి ఒక రోజు చాలు. మిగతా రోజులు హరారే, మస్వింగో, బులవాయోలకు పంచుకోండి. ఏసీ లేకుండా చల్లగా ఉండే ఆఫీసు భవనం, సున్నం చుక్క లేకుండా వందల ఏళ్లుగా నిలబడ్డ రాతిగోడ, చెదపుట్ట మట్టితో అలికిన ఇల్లు మూడూ ఒకే దారిలో దొరుకుతాయి.

హరారేలో ఈస్ట్‌గేట్ సెంటర్‌కు ఒక పూట పెట్టుకోండి. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్, ఇంజినీరింగ్ అరూప్ సంస్థది, 1996లో తెరిచారు. చాలామంది కింది అంతస్తుల షాపులు తిరిగి, మధ్యలోని గాజుకప్పు ఆవరణ ఫొటో తీసుకుని వచ్చేస్తారు. అసలు సంగతి షాపుల్లో కనిపించదు. ముందు రోడ్డు అవతలికి వెళ్లి పైకప్పు చూడండి. వరసగా నిలబడ్డ ఇటుక పొగగొట్టాలు 48 ఉంటాయి. లోపలి గాలి బయటికి పోయేది వాటిలోంచే. ఆవరణలోని గాలిని ఫ్యాన్లు లాగి, వడగట్టి, భవనం మధ్యలో నిలువుగా ఉన్న గొట్టాల ద్వారా ప్రతి అంతస్తులోనూ గచ్చు కింద ఉన్న బోలు భాగంలోకి పంపుతాయి. అక్కడ కాంక్రీటు పలకలకు పళ్లలాంటి ఎగుడుదిగుళ్లు పెట్టారు. గాలికి తగిలే వైశాల్యం పెరిగితే వేడి మార్పిడి కూడా పెరుగుతుంది. కిటికీల కింది జాలీల నుంచి గాలి గదిలోకి వస్తుంది, వేడెక్కి పైకి లేస్తుంది, సీలింగు దగ్గరి రంధ్రాల గుండా పొగగొట్టాలకు చేరుతుంది.

పగలు చిన్న ఫ్యాన్లు గంటకు రెండుసార్లు గాలి మారిస్తే, రాత్రి పెద్ద ఫ్యాన్లు సుమారు పదిసార్లు మారుస్తాయి. పని జరిగేది రాత్రే. చల్లగాలి కాంక్రీటులోని వేడిని లాగేస్తే, మర్నాడు ఆ కాంక్రీటే గదిని చల్లగా ఉంచుతుంది. బయటి గోడలో గాజు నాలుగో వంతుకు మించదు, ఎండ పడేచోట కాంక్రీటు చూరులు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఇవి లేకపోతే రాత్రంతా కూడబెట్టిన చల్లదనం మధ్యాహ్నానికే అయిపోతుంది.

దీన్ని చెదపుట్ట నకలు అంటారు. ఆ మాట సగమే నిజం. పుట్ట పొగగొట్టంలా పనిచేస్తుందన్నది పాత ఊహ. తర్వాతి పరిశోధనల్లో పుట్ట ఊపిరితిత్తిలా గాలిని మార్చుకుంటుందనీ, గూడు వేడి చుట్టూ ఉన్న నేల వేడిని బట్టే ఉంటుందనీ తేలింది. పోలిక తప్పినా భవనం మాత్రం పనిచేస్తూనే ఉంది.

ఇదే మన హైదరాబాద్‌లో కట్టొచ్చుగా అని అడుగుతారు. హరారే దాదాపు 1,490 మీటర్ల ఎత్తులో ఉంది. అక్టోబరు ఎండల్లో కూడా రాత్రి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. హైదరాబాద్‌లో మే రాత్రి 26 దాటే ఉంటుంది. పగటికీ రాత్రికీ తేడా ఉన్నా, కాంక్రీటును చల్లబరిచేంత చల్లగాలి దొరకదు. విజయవాడలో ఉక్కపోత కూడా తోడవుతుంది. ఈస్ట్‌గేట్‌కు కూడా ఇబ్బందులున్నాయి. మబ్బు పట్టిన రాత్రి చల్లబడదు. ఆఫీసుల్లో కంప్యూటర్లు పెరిగే కొద్దీ లెక్క తప్పుతుంది. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగుతాయి. పై అంతస్తులు అద్దె ఆఫీసులు, అనుమతి లేకుండా వెళ్లలేరు. కింద కెమెరా పైకెత్తే ముందు గార్డును ఒక మాట అడగండి.

హరారే నుంచి మస్వింగో సుమారు 290 కిలోమీటర్లు. కారులో నాలుగు గంటల పైన పడుతుంది, బస్సులో ఎంతసేపో చెప్పలేం. బండ్లు ఎడమవైపే నడుస్తాయి కాబట్టి మనకు ఇబ్బంది లేదు. చీకటి పడ్డాక మాత్రం నడపొద్దు. రోడ్డు మీద పశువులు, లైట్లు లేని లారీలు ఉంటాయి. అమెరికన్ డాలర్ నోట్లు చిన్నవి, శుభ్రమైనవి తీసుకెళ్లండి. చిరిగిన నోటు తీసుకోరు, ఇరవైకి చిల్లర దొరకదు. ప్లగ్గులు ఎక్కువగా బ్రిటిష్ తరహావి, మూడు చదరపు పిన్నులవి.

గ్రేట్ జింబాబ్వే మస్వింగో నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే. రెండు రాత్రులు ఇవ్వండి, ఒక్క పూటలో చూసేది కాదు. 11 నుంచి 15వ శతాబ్దం దాకా ఇక్కడి షోనా ప్రజల పూర్వీకులు కట్టిన రాజధాని ఇది, 1986 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆఫ్రికావాళ్లు ఇంత కట్టలేరని వలస పాలకులు పశ్చిమాసియా సముద్ర వర్తకులైన ఫినీషియన్లనీ, బైబిల్లోని షేబా రాణినీ లాక్కొచ్చారు. పురావస్తు పరిశోధకులు 1905లో రాండాల్ మకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి ఇది స్థానికులదేనని తేల్చారు. ఆలోపే నిధుల వేటగాళ్లు, 'శుభ్రం చేసేవాళ్లు' మట్టి పొరలను తోడి పారేశారు. మట్టి ఇళ్ల జాడలు అందుకే తక్కువ.

ముందు రాయి ఎక్కడిదో చూడండి. చుట్టూ ఉన్న గ్రానైటు గుండ్ల మీద ఎండకూ చలికీ పొరలు ఊడి పలకలుగా లేస్తాయి. మంట పెట్టి నీళ్లు చల్లితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. మందం దాదాపు సమానంగా వచ్చే పలకలు కాబట్టి ఇటుకల్లా వరసలు పేర్చగలిగారు. గ్రేట్ ఎన్‌క్లోజర్ అనే పెద్ద ప్రాకారం బయటి గోడ చుట్టుకొలత 250 మీటర్లు, ఎత్తు 11 మీటర్ల దాకా, అడుగున మందం 5 మీటర్ల పైనే. రెండు ముఖాల మీద చెక్కిన రాళ్లు, మధ్యలో రాతి ముక్కలు. పైకి పోయేకొద్దీ గోడ లోపలికి వాలుతుంది. ఆ వాలే సున్నం పని చేస్తుంది. ఈ గోడ మీద పైకప్పు బరువు ఎప్పుడూ లేదు. కప్పులు లోపలి మట్టి ఇళ్లవే.

గోడ వెంట నడుస్తూ వరసలు గమనించండి. కొన్నిచోట్ల రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, కొన్నిచోట్ల దారం పట్టినట్టు సాగుతాయి. ఆగ్నేయం వైపు గోడ అంచున రెండు వరసల కోణాల అల్లిక ఉంది, దానికి ఉదయపు ఏటవాలు ఎండ కావాలి. లోపలి శంఖాకార బురుజు 10 మీటర్ల ఎత్తు, పూర్తిగా ఘనం, లోపల గది లేదు.

ఎక్కడైనా గోడ కడుపులా ఉబ్బి కనిపిస్తే ఆగండి. నీళ్లు దిగి లోపలి ముక్కలు కుంగుతాయి, చెట్ల వేళ్లు, లంటానా పొదలు రాళ్లను తోస్తాయి, దాంతో ముఖం రాళ్లు బయటికి వస్తాయి. సిమెంటు పూసి ఆపుదామంటే నీరు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, బరువు ఇంకోచోట పడుతుంది. సరైన పద్ధతి ఒకటే. రాళ్లకు నంబర్లు వేసి, ఫొటోలు తీసి, ఉబ్బు కింది దాకా విప్పి మళ్లీ పేర్చాలి. అందుకే గోడ ఎక్కి ఫొటో దిగొద్దని గైడు కసురుకుంటే అది చాదస్తం కాదు. పైన ఒక్క రాయి కదిలితే వాన నీరు లోపలికి దిగుతుంది.

కొండ మీది భాగానికి రెండు దారులున్నాయి. సన్నటి పాత మెట్ల దారిన ఎక్కి కొత్త దారిన దిగండి. గేటు తెరిచిన వెంటనే బయల్దేరితే ఎండ తగలదు. మ్యూజియంలో సబ్బురాతి పక్షులున్నాయి, దేశపు జెండా మీద ఉన్నది అదే పక్షి. గైడును తప్పక పెట్టుకోండి. 'రాజు ఇక్కడ కూర్చునేవాడు' అన్న మాటతో సరిపెట్టే గైడైతే గోడ అతుకుల గురించి మీరే అడగండి.

పక్కనే పాత పద్ధతిలో కట్టి చూపే పల్లె ఉంది. పర్యాటకుల కోసం పెట్టిందని దాటేయకండి. రాటలు పాతి, మధ్యలో మట్టి మెత్తి గుండ్రటి గోడ కడతారు. ఈ మట్టిని ఢాకా అంటారు. గచ్చుకు చెదపుట్ట మట్టి దిమ్మిస చేసి పేడతో అలుకుతారు. పూరికప్పు వాలు 45 డిగ్రీల దగ్గర ఉండాలి, తగ్గితే నీరు నిలిచి గడ్డి కుళ్లుతుంది. పాడయ్యేది ముందు రాట అడుగే, చూరు నీళ్లు చిమ్మేది అక్కడికే, చెద ఎక్కేది కూడా అక్కడినుంచే. మధ్యలో పొయ్యి పొగ కప్పును పురుగుల నుంచి కాపాడుతుంది.

బస ఎంచుకునేటప్పుడు ఇదే పనికొస్తుంది. లాడ్జీల పూరికప్పు గదుల్లో పొయ్యి ఉండదు కాబట్టి గడ్డి త్వరగా పాడవుతుంది. లోపలికి వెళ్లగానే ముక్కిపోయిన వాసన వచ్చినా, మంచం మీద గడ్డిపొడి రాలి ఉన్నా గది మార్చమనండి. గేటుకు దగ్గరి హోటల్లో దిగితే తెల్లవారే నడిచి వెళ్లొచ్చు. ముటిరిక్వి చెరువు వైపు లాడ్జీలు ప్రశాంతంగా ఉంటాయి, కానీ కారు తప్పనిసరి. శిథిలాల ఆవరణలోని గుండ్రటి గుడిసెలు చవక, దుప్పటి, టార్చి మీవే అనుకుని వెళ్లండి. ఎక్కడైనా బుక్ చేసే ముందు కరెంటు పోతే సోలారా జనరేటరా, వేడినీళ్లు ఎప్పుడు, దోమతెర ఉందా అని రాతపూర్వకంగా అడగండి. 'అన్నీ ఉన్నాయి' అన్న జవాబుకు విలువ లేదు. జూన్, జులై రాత్రులు బాగా చలి, స్వెటర్ కావాలి. నవంబరు నుంచి మార్చి వానలు.

శాకాహారులకు భయం లేదు. సద్జా మన రాగి సంకటిలా ఉంటుంది, మొక్కజొన్న పిండిది. ఆకుకూరను మురివో అంటారు, వేరుశనగ ముద్దతో వండినదైతే 'డోవి' అని చెప్పి అడగండి. కూరలో మాంసం పులుసు పోశారేమో ముందే కనుక్కోండి.

మస్వింగో నుంచి బులవాయో దాదాపు మరో 280 కిలోమీటర్లు. అక్కడికి 22 కిలోమీటర్ల పడమర ఖామీ శిథిలాలున్నాయి, ఇవీ 1986లోనే యునెస్కో జాబితాకెక్కాయి. గ్రేట్ జింబాబ్వే తర్వాతి కాలం రాజధాని. చాలామంది వదిలేస్తారు, కట్టుబడి తెలిసినవాళ్లు వదలకూడదు. గ్రేట్ జింబాబ్వేవి విడిగా నిలబడ్డ గోడలు, ఖామీవి కొండ వాలును మెట్లుగా చేసి, వెనక మట్టి నింపిన గట్టుగోడలు. ఇళ్లు ఆ మెట్ల మీద ఉండేవి. గోడ ముఖం మీద చదరంగం గళ్ల అల్లిక గ్రేట్ జింబాబ్వే కంటే ఎక్కువ, తీరుగా ఉంటుంది. గట్టుగోడకు శత్రువు వెనకనుంచే వస్తుంది. తడిసిన మట్టి బరువెక్కి రాళ్లను ముందుకు నెడుతుంది. వానాకాలం చివర్లో వెళ్తే ఎక్కడ జారిందో కళ్లకు కడుతుంది, ఆ అంచులకు దూరంగా నడవండి.

దుకాణాలు లేవు, తిరిగి వచ్చే బండి అక్కడ దొరకదు. టాక్సీని రానూపోనూ, మూడు గంటల వెయిటింగుతో కలిపి ముందే బేరమాడి, డబ్బు తిరిగొచ్చాకే ఇవ్వండి. నీళ్లు, టోపీ వెంట ఉంచుకోండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.