జిగురు మూత కవర్లతో నా గొడవ

కామిక్స్ దాచుకోవడానికి కవర్లు, అట్టలు కొనేవాళ్ళు ముందు కవరు ప్లాస్టిక్ ఏ రకం, పాలిప్రాపిలీనా, మైలారా అని తల బద్దలు కొట్టుకుంటారు. నేనూ అదే చేశాను. కొన్నేళ్ళు వాడాక, అందులోనూ కోనసీమలో వాడాక, నేను అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. మూతకు జిగురుందా? ఉంటే ఎటువైపు ఉంది?

నేను కొన్నది ఆన్‌లైన్లో అందరూ కొనే రకమే. పారదర్శకమైన పాలిప్రాపిలీన్ కవరు, వెనక తెల్లటి అట్ట, మూత మీద ఒక సన్నటి జిగురు పట్టీ. ఆ పట్టీ మీదున్న కాగితం పీకి మూత మడిస్తే అంటుకుంటుంది, కావాలంటే మళ్ళీ తెరుచుకుంటుంది. మొదటి ఏడాది నేను ఈ సెట్టుని ఎంత మెచ్చుకున్నానంటే, పాత పుస్తకాలు దాచే స్నేహితులందరికీ లింకు పంపాను. పల్చటి ఇంద్రజాల్ కామిక్స్ కూడా బీరువాలో నిటారుగా నిలబడ్డాయి. చందమామల మూలలు మడతలు పడటం మానేశాయి. మా ఇంట్లో పుస్తకాలకు అంతకుముందున్న వైభోగమల్లా ట్రంకు పెట్టె, కలరా ఉండలు, పైన ఒక పాత లుంగీ. దాంతో పోలిస్తే ఇది రాజభోగమే.

ఇక అసలు సంగతి. రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు. సెలవులకు వచ్చిన మా ఆడపడుచు కొడుకు ఇంద్రజాల్ కామిక్స్ హీరో ఫాంటమ్ పుస్తకం చూపించమన్నాడు. ఆ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి, వాడి లెక్కలో అవి తవ్వకాల్లో దొరికిన వస్తువులు. వాడడిగింది మా నాన్న డెబ్బైల్లో సామర్లకోట స్టేషన్లో కొన్న పుస్తకం. చేతులు కడుక్కుని, తుడుచుకుని, మూత విప్పి, దాన్ని వేలితో వెనక్కి వంచి పట్టుకుని, అట్టతో సహా పుస్తకాన్ని పైకి లాగాను. సగం దాకా బాగానే వచ్చింది. చెమట పట్టిన వేలి కింద నుంచి మూత జారిపోయింది. ఆ ప్లాస్టిక్కుకి దాని పాత మడత మీద ఎంత మమకారమో, చటుక్కున వెనక్కి వచ్చి, జిగురు పట్టీ మొత్తం ముఖచిత్రం పై అంచున అతుక్కుంది. పేరుకీ బొమ్మకీ మధ్య నీలం ఆకాశం ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ.

లాగితే రంగు ఊడొస్తుంది. వదిలేస్తే ఆ ఎండకి ఇంకా పట్టేస్తుంది. పిల్లాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వరండాలోంచి అత్తయ్యగారు లేచి వచ్చి, "కాస్త కొబ్బరినూనె రాయవే అమ్మాయ్, ఎంతటి జిగురైనా వదిలేస్తుంది" అన్నారు. పనసకాయ కోసిన చేతులకైతే అది తిరుగులేని మందే. "కాగితం కదండీ అత్తయ్యా, నూనె పీల్చేసుకుంటుంది" అన్నాను. "అయితే నీ ఇష్టం" అని ఆవిడ మళ్ళీ విసనకర్ర పట్టుకున్నారు.

కత్తెరతో మూతను కవరు నుంచి వేరు చేశాను. ఇప్పుడు పుస్తకానికి ఒక ప్లాస్టిక్ పీలిక వేలాడుతోంది. జిగురు చల్లబడితే గట్టిపడి పట్టు తగ్గుతుంది, కాబట్టి ఫ్రీజర్లో పెట్టాలి. ఫ్రీజర్ పని చేయాలంటే కరెంటు రావాలి. అది వచ్చేసరికి సాయంత్రమైంది. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి కాసేపు ఫ్రీజర్లో ఉంచి, తీసి, ప్లాస్టిక్ స్కేలు అంచుతో ఒక కొస నుంచి లేపడం మొదలుపెట్టాను. సగం పట్టీ మచ్చ పడకుండా వచ్చింది, ఇక గండం గడిచినట్టే అనిపించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అప్పుడే ఆ చల్లటి ముఖచిత్రం మీద సన్నగా నీటి బొట్లు కట్టాయి. మన గాలిలో తేమకి కొదవేముంది! టిష్యూ కాగితం అద్దుతూ మిగతా సగం లేపేలోపు జిగురు మళ్ళీ మెత్తబడింది, నీలం రంగుతో కలిసి వచ్చింది. బొటనవేలి గోరంత వెడల్పున తెల్లటి చార మిగిలింది. "పర్లేదత్తా, ఫాంటమ్ మొహం ఉందిగా" అని పిల్లాడు నన్ను ఓదార్చాడు.

అమ్మినవాళ్ళకు ఫొటో పంపితే, సరుకులో లోపముంటే అందిన వారంలోపు చెప్పాలని జవాబు. నిజానికి జిగురులో లోపమేమీ లేదు, అది అంటుకోవడానికే ఉంది. లోపమంతా దాన్ని పెట్టిన చోటులో ఉంది. పట్టీ మూత లోపలి వైపు ఉంటే, పుస్తకం తీసిన ప్రతిసారీ పెట్టిన ప్రతిసారీ దాని ముందు నుంచే వెళ్ళాలి. అదే పట్టీ మూత మీద కాకుండా కవరు వీపు మీద బయటి వైపు ఉంటే, పుస్తకం దారిలో జిగురు తగలదు. కామిక్స్ కోసమే చేసే కంపెనీలు కొన్ని ఇలా వీపు మీద పెడతాయి. మూత మీద పెట్టేవి చాలావరకు బట్టల షాపులో చీర పెట్టిచ్చే కవరు పద్ధతివే, కొలత మాత్రమే వేరు. చీరను ఒకసారి తీస్తే మళ్ళీ అందులో పెట్టం, దానికి ఆ కవరు చాలు. "మళ్ళీ మళ్ళీ తెరిచి మూసుకోవచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసి పుస్తకాలకు అమ్మడమే నాకు మండే విషయం.

ఆ సంఘటన తర్వాత బీరువాలో ఉన్నవన్నీ తీసి చూశాను. మూతలు మూసి ఉన్నవాటికి కూడా ఎండాకాలంలో జిగురు పట్టీ అంచులు దాటి బయటికి పాకింది. దానికి దుమ్ము పట్టి నల్లటి గీతలు కట్టాయి. పక్కపక్కన నిలబెట్టిన కవర్లు ఒకదాన్నొకటి పట్టుకుని జంటలుగా వచ్చాయి. మా బీరువా పడమటి గోడకి ఆనుకుని ఉంటుంది, మధ్యాహ్నం నుంచి ఆ గోడ వేడెక్కుతుంది. లోపలి గోడకి పెట్టుకున్నవాళ్ళకి ఇంత ఉండకపోవచ్చు. సెలోటేప్‌తో మూసినవి ఇంకా దారుణం, టేపు పచ్చబడి ఊడిపోతుంది, జిగురు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

పైగా బిగించి మూయడం వల్ల ఈ ప్రాంతంలో లాభం ఎంతో నాకు అనుమానమే. మా ఊళ్ళో వానాకాలం ఉప్పు డబ్బాలో నీరు తేలుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితేనే ఉప్పు అలా నీరు లాగుతుంది. పుస్తకాలకు 50 శాతం లోపు ఉంటే మంచిదని గ్రంథాలయాల వాళ్ళు చెప్తారు. ఆ గాలినే కాగితంతో పాటు కవర్లో పెట్టి మూతేస్తే తేమను లోపలే బంధించినట్టు. శ్రావణంలో సర్దిన కట్టకు ముక్కిన వాసన వచ్చింది, రెండు పుస్తకాల పిన్నుల చుట్టూ తుప్పు మరక కూడా కనిపించింది. సంక్రాంతి వెళ్ళాక, పొగమంచు విడిచిన పొడి రోజు చూసి, నీడలో ఆరబెట్టి సర్దిన కట్టకు ఈ బాధ లేదు.

ఇప్పుడు నేను చేసేదల్లా, పట్టీ మీద కాగితం పీకకుండానే మూతను వెనక్కి మడిచి, అట్టకీ కవరుకీ మధ్య దోపేస్తున్నాను. ఊడిపోదు, అంటుకోదు. దీనికీ ఒక చిక్కుంది. సన్నగా, వెండి రంగులో, దీపం వేయగానే పరుగెత్తే పురుగుందే, అది దూరడానికి ఆ సందు చాలు. ఒక చందమామ కవర్లో దాన్ని చూశాను కూడా. అందుకే ఏడాదికోసారి అన్నీ దులపక తప్పడం లేదు. ఓపిక లేనివాళ్ళకు వీపు జిగురు కవర్లే నయం.

అట్టల గురించి ముందు చెప్పిన మంచి మాటను కాస్త సవరించాలి. మూలలు కాపాడతాయి, అందులో సందేహం లేదు. కానీ ఈ అట్టలకు ఒకవైపే నునుపు పూత ఉంటుంది. రెండోవైపు తేమ పీల్చి సాగుతుంది, పూత ఉన్నవైపు సాగదు, దాంతో అట్ట పూత వైపుకి వంగుతుంది. నునుపు వైపుకి పుస్తకం ఆనించి పెడితే, అట్టతో పాటు పుస్తకమూ వంగుతుంది. ఒక జులైలో కొన్ని అట్టలు పట్టుకెళ్ళి మాకు తెలిసిన బైండింగ్ ఆయనకు చూపించాను. ఆయన ఒకదాన్ని బల్ల మీద పెట్టి వేలితో నొక్కి వదిలాడు, అది ఊగింది. "ఇది అట్ట కాదండి బాబూ, అప్పడం" అన్నాడు. మిల్లు అట్ట కోసిస్తానన్నాడు గానీ వద్దన్నాను. ఆ బూడిదరంగు అట్టలో ఆమ్లం ఉంటుంది, కొన్నేళ్ళకు దానికి తగిలిన కాగితం గోధుమరంగులోకి తిరుగుతుంది. న్యూస్‌ప్రింట్ మీద అచ్చయిన పాత పుస్తకాలు వాటంతటవే పచ్చబడుతున్నాయి, ఇంకా ఆజ్యం పోయడం ఎందుకు?

"ఆమ్లం లేనిది" అని రాసి అమ్మేవాటిని కూడా పూర్తిగా నమ్మక్కర్లేదు. ఆమ్లాన్ని కనిపెట్టే పెన్ను ఒకటి దొరుకుతుంది, ఆమ్లం లేకపోతే దాని గీత ఊదా రంగులో ఉంటుంది, ఉంటే పసుపు. నా అట్ట పైభాగం మీద గీస్తే చక్కటి ఊదా వచ్చింది. మూల దగ్గర బ్లేడుతో పొర చీల్చి లోపల గీస్తే పసుపు. అంటే మంచితనమంతా పైపూతలోనే ఉంది, అది ఎన్నాళ్ళు కాస్తుందో అంతే. అట్ట మొత్తంలో ఆమ్లాన్ని విరిచే కాల్షియం కార్బొనేట్ కలిపి చేసినవి వేరే ఉన్నాయి, ఖరీదెక్కువ. నేను మధ్యే మార్గంగా, పల్చటి అట్టలు రెండేసి, పూతలు బయటికి వచ్చేలా వీపులు కలిపి పెడుతున్నాను. రెండూ ఎదురెదురు దిక్కులకు వంగాలని చూస్తాయి కాబట్టి చాలావరకు తిన్నగా ఉంటున్నాయి. కవరు మాత్రం బిగుతవుతుంది. లావు చందమామ సంచికలకు ఇది కుదరలేదు.

ప్లాస్టిక్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. పీవీసీ వద్దు, మెత్తగా ఉండే ఆ రకం సిరాను పట్టేస్తుంది. పాలిప్రాపిలీన్ చాలు, మసకబారినప్పుడో అలలు తేలినప్పుడో మార్చుకోవాలి. మైలార్ అని పిలిచే పాలియెస్టర్ కవర్లు అన్నిటికంటే గట్టివి, రసాయనికంగా దేనితోనూ కలవవు. నాన్న కొన్న కొన్నింటికి మాత్రం అవి వేశాను. గాజులా మెరుస్తాయని అందరూ అంటారు. నిజమే కానీ దుమ్మును లాక్కుంటాయి, అంచులు వేలికి గీసుకుంటాయి. ఒక్క సంగతి కోసం వాటిని క్షమించేశాను, నేను తెప్పించిన రకానికి జిగురు లేదు, ఉత్త మడత మూతే.

కొలతల విషయం మర్చిపోయాను. అమెరికన్ కామిక్స్ కొలత కవర్లు పదిన్నర అంగుళాల పొడుగుంటాయి, వెడల్పుల్లో రకాలున్నాయి. మన పుస్తకాలు ఆ లెక్క ప్రకారం అచ్చు వేయలేదు. ఏ పుస్తకానికి కొంటున్నారో దాన్ని స్కేలు పెట్టి కొలిచి, అట్ట వెడల్పు కూడా చూసి కొనండి. అట్ట వెడల్పైతే కవరు చీలుతుంది, ఇరుకైతే పుస్తకం లోపల అటూ ఇటూ ఆడి పిన్నుల దగ్గర చిరుగుతుంది.

ఇంతకీ ఈ సెట్టు కొనొచ్చా అంటే, హైదరాబాద్ ఫ్లాట్లో ఏసీ గదిలో పుస్తకాలు పెట్టుకుని, వాటిని మళ్ళీ తీయకుండా అమ్మకానికి దాచేవాళ్ళకు బహుశా ఏ ఇబ్బందీ రాదు. నా పుస్తకాలు అమ్మడానికి కావు, వేసవిలో ఇంటికొచ్చే పిల్లలు అడిగితే తీయాల్సినవి. కాలువ గట్టు మీద ఇల్లు, పడమటి గోడకి బీరువా, రోజుకోసారి కరెంటు కోత. ఈ లెక్కలో మూత జిగురు కవర్లు నాకు మళ్ళీ వద్దు. మిగిలిపోయిన కట్టకు జిగురు పట్టీల దాకా కత్తిరించి, పెళ్ళి ఫొటోలకు వాడుతున్నాను. మేగజైన్ కొలతలో వీపు జిగురువి ఇంకా దొరకలేదు. అవి దొరికేదాకా పెద్ద సైజు పుస్తకాలు పాత కవర్లలోనే ఉంటాయి, పట్టీ మీద కాగితం పీకకుండా.