1.3 మల్టీజెట్ డీజిల్: పాత డిజైర్ కొనేముందు వినాల్సింది చైను చప్పుడు

స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా మీద డీడీఐఎస్ అని ఉంటుంది. టాటా విస్టా, మాంజా మీద క్వాడ్రాజెట్. ఫియట్ పుంటో, లీనియా మీద మల్టీజెట్. పేరేదైనా బానెట్ ఎత్తితే కనిపించేది ఫియట్ వాళ్ల 1248 సీసీ, అంటే 1.3 లీటర్ల డీజిల్ ఇంజినే. 2003లో యూరప్‌లో మొదలై, 2007లో స్విఫ్ట్‌తో మారుతి కార్లలోకి వచ్చి, 2020లో బీఎస్6 పొల్యూషన్ నిబంధనలతో ఇక్కడ ఆగిపోయింది. కొత్తది దొరకదు. సెకండ్ హ్యాండ్ బజార్లో మాత్రం ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు, ముఖ్యంగా టాక్సీకి తిప్పిన డిజైర్లకు. అందుకే ఈ ఇంజిన్ ఎక్కడ గట్టిదో, ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుసుకుని కొనాలి.

బోరు, అంటే సిలిండర్ వెడల్పు 69.6 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం 82. నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నింటికీ ఒకే గొట్టం నుంచి ప్రెషర్‌తో డీజిల్ అందే పద్ధతి). బ్లాకు కాస్ట్ ఐరన్, హెడ్డు అల్యూమినియం. మామూలు టర్బోతో వచ్చేది 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్. ఎర్టిగా, సియాజ్, బ్రెజా, మాంజాల్లో వీజీటీ టర్బోతో (ఇంజిన్ వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మారే టర్బో) వచ్చేది 90 పీఎస్, 200 ఎన్ఎం. నడపడంలో ఈ రెండింటికీ తేడా కాగితం మీద కనిపించేదానికన్నా ఎక్కువే. 75 పీఎస్ బండి 2000 ఆర్పీఎం దాటేదాకా నిద్రపోతున్నట్టుంటుంది, దాటగానే ఒక్కసారిగా లాగుతుంది. ఘాట్ రోడ్డు మలుపులో రెండో గేరులో ఆర్పీఎం పడిపోతే మళ్లీ అందుకోవడం కష్టం. దాన్ని కవర్ చేయడానికి డ్రైవర్లు హాఫ్ క్లచ్ మీద లాగుతారు కాబట్టి సిటీలో తిరిగిన బండికి క్లచ్ తొందరగా అరుగుతుంది. వీజీటీలో ఈ బాధ తక్కువ. హైవే మీద మాత్రం రెండూ హాయిగా పరిగెత్తుతాయి, మైలేజ్ విషయంలో వంక పెట్టేదేమీ లేదు.

ఇక అసలు సంగతి. పిస్టన్లు తిప్పే క్రాంక్‌నూ వాల్వులు తెరిచే క్యామ్‌నూ ఒకే లెక్కలో తిప్పడానికి ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు లేదు, చైను ఉంది. "చైనే కదా, ఇంజిన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది" అని అమ్మేవాళ్లు చెప్పే మాట సగమే నిజం. ఆ చైనును బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. ఈ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ 3 లీటర్ల పైచిలుకే. అందులో ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టే. పైగా డీజిల్ మసి కలిసి ఆయిల్ నల్లబడి చిక్కబడుతుంది. సర్వీసు దాటేసి 20 వేల కిలోమీటర్లు అదే ఆయిల్‌తో తిప్పితే టెన్షనర్‌కు ప్రెషర్ సరిగా అందదు, మసి రాపిడికి చైను పిన్నులు అరుగుతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరుగుదలే అయినా మొత్తం మీద చైను సాగుతుంది. సాగిన చైను పళ్ల చక్రం మీద ఒక పన్ను దాటితే టైమింగ్ తప్పి పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. చాలాసార్లు క్యామ్‌కూ వాల్వులకూ మధ్యలో ఉన్న రాకర్లు విరిగి ఆ దెబ్బను తామే తీసుకుంటాయి. అదృష్టం బాగుంటే రాకర్లు, చైను సెట్టుతో బయటపడొచ్చు. లేదంటే వాల్వులు వంగి హెడ్డు దింపాల్సిందే.

ఇది చెప్పకుండా వచ్చే జబ్బు కాదు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజిన్ బయట ఆల్టర్నేటర్ బెల్టు ఉన్న వైపు నుంచి గలగలమని, డబ్బాలో గొలుసు ఆడించినట్టు చప్పుడొస్తుంది. ఆయిల్ పైకెక్కే ఒకట్రెండు సెకన్లలో అణిగితే ఫర్వాలేదు. ఇంజిన్ వేడెక్కాక కూడా వినిపిస్తే చైను సెట్టు మార్చే సమయం వచ్చినట్టే. స్కానర్‌లో పీ0016 అనే కోడ్ వస్తే క్రాంక్‌కూ క్యామ్‌కూ లెక్క కుదరడం లేదని అర్థం. సెన్సర్ మార్చేసి పంపించే షెడ్లున్నాయి, ముందు చైను చూడమనండి. అందుకే కారు చూడ్డానికి వెళ్లేటప్పుడు "స్టార్ట్ చేసి ఉంచొద్దు, చల్లగానే ఉంచండి" అని ముందే చెప్పాలి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకోరోజు వెళ్లండి.

సెల్ఫ్ కొట్టేముందు ఆయిల్ మట్టం చూసే గేజి తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, డీజిల్‌లో మార్చిన కొన్నాళ్లకే నల్లబడుతుంది. వేళ్ల మధ్య రుద్దితే జిగురుగా, గరుకుగా తగిలితేనే అనుమానం. మట్టం కింది గీతకంటే తక్కువుంటే ఆ ఓనరు చైనును ఎలా చూసుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే పెట్టండి. కాస్త వణికితే సరే. ఎగిరిపడుతూ పొగ తోస్తుంటే బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టు, అంటే పిస్టన్ల పక్కల నుంచి గ్యాస్ కిందికి లీకవుతున్నట్టు; ఇంజిన్ అరిగి బోరు పనికొచ్చినట్టు. మీటరు మీద అంకె ఎంత తక్కువున్నా ఆ బండి వద్దు.

మిగతా జబ్బులు దీనంత ప్రమాదకరమైనవి కావు. ఇంజెక్టర్ కింద రాగి వాషర్ లీకైతే టుస్ టుస్‌మని చప్పుడు, చుట్టూ తారు లాంటి నల్లటి మడ్డి. తొందరగా చూస్తే చిన్న ఖర్చే. ఇంజెక్టర్ కూర్చునే చోటు శుభ్రం చేసి కొత్త వాషర్ వేస్తే చాలు. వదిలేస్తే ఆ మడ్డి గట్టిపడి ఇంజెక్టర్ హెడ్డులోనే బిగుసుకుపోతుంది, తర్వాత పీకడమే పెద్ద పని. ఐడ్లింగ్ కుదురుగా లేకపోతే నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకూ (మిగిలిన డీజిల్ వెనక్కి వెళ్లేవి) సీసాలు కట్టి ఏది ఎక్కువ నింపుతోందో చూస్తే దోషి తేలిపోతుంది. నాలుగూ ఒకేసారి మార్చమంటే ఒప్పుకోకండి. డీజిల్ ఫిల్టరు 20 వేలకోసారి మార్చి, మధ్యలో ఫిల్టరులో చేరిన నీళ్లు వదిలేస్తుంటే ఇంజెక్టర్లు చాలాకాలం వస్తాయి.

పికప్ తగ్గి నల్ల పొగ వస్తుంటే "టర్బో పోయింది" అని చేతులెత్తేస్తారు. ముందు టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడాలి, పగిలిన చోట ఈల లాంటి శబ్దం వస్తుంది. తర్వాత ఈజీఆర్ వాల్వు, అంటే పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే ఇవే లక్షణాలు. విప్పి కడిగితే సరిపోయే పనికి రేకు ముక్క అడ్డం పెట్టేస్తారు, అది పొల్యూషన్ నిబంధనలకు విరుద్ధం, చెక్ లైటూ వెలుగుతుంది. ఇవన్నీ బాగున్నాకే టర్బో షాఫ్టు పట్టుకుని చూడాలి. పక్కలకు కొద్దిగా ఆడొచ్చు, ముందుకూ వెనక్కీ కదలకూడదు. నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరిగే షాఫ్టు అది. హైవే మీద నుంచి వచ్చి ఆపేముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచితే దాని బేరింగులు మాడవు.

కొన్న వెంటనే 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిల్ పోయించండి. టాక్సీ వాళ్లు చవకని పోసే 15డబ్ల్యూ-40 పొద్దున్నే పైకెక్కడానికి ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యం చైను మీద పడుతుంది. కంపెనీ 10 వేలకు మార్చమన్నా, పాత బండికి 7,500కే మార్చడం మంచిది. చైను మార్చాల్సి వస్తే చైనొక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలతో పూర్తి సెట్టు వేయించండి. క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టి ఉంచే టైమింగ్ లాకింగ్ పిన్నులున్న షెడ్డుకే ఇవ్వండి, పెయింటుతో గుర్తు పెట్టి బిగించే చోట కాదు. పనిలో పనిగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపు దింపించి, ఆయిల్ పీల్చే జాలీకి పట్టిన మడ్డి కడిగించండి. అది మూసుకుని ఉంటే కొత్త చైనుకూ పాత గతే పడుతుంది.