కప్లాన్-మేయర్ చాలా? కాక్స్ దాకా వెళ్లాలా?

తిరుపతిలో థీసిస్ రాసే పీజీ డాక్టర్లు గైడ్ దగ్గరకు వెళ్లే ముందు పడే టెన్షన్ ఇదే. పేషెంట్లు ఎంతకాలం బతికారో విశ్లేషించే రెండు పద్ధతులివి: కాలం గడిచేకొద్దీ ఎంతమంది బతికున్నారో గీతగా చూపేది కప్లాన్-మేయర్, చాలా అంశాల ప్రభావాన్ని ఒకేసారి లెక్కగట్టేది కాక్స్.

ముందు ఒక మాట. కుప్పం నుంచి వచ్చే పేషెంట్ ఎనిమిదో నెల తర్వాత మళ్లీ రాలేదనుకోండి. చనిపోయినట్టు రాయకూడదు, లిస్టులోంచి కొట్టేయకూడదు. ఎనిమిది నెలలు బతికే ఉన్నారన్న సమాచారాన్ని రెండు పద్ధతులూ వాడుకుంటాయి.

ఖర్చు: గణాంకాల కోసం వాడే ‘ఆర్’ (R) సాఫ్ట్‌వేర్‌లో రెండూ ఉచితమే.

శ్రమ: కప్లాన్-మేయర్ (1958) గ్రాఫ్, గ్రూపుల గీతల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే లాగ్-ర్యాంక్ టెస్ట్ ఒక పూట పని. కాక్స్ మోడల్‌ (1972)కి వయసు, స్టేజ్, షుగర్ అన్నీ ఖాళీల్లేకుండా నింపుకోవాలి.

రిస్క్: అసలు చిక్కంతా ఇక్కడే. షుగర్ ఉన్నవాళ్ల గీత కిందికి జారితే తప్పు షుగర్‌దేనా? వాళ్లు వయసులో పెద్దవాళ్లు కూడా కావచ్చు. లాగ్-ర్యాంక్ ఆ ముడి విప్పలేదు. కాక్స్ విప్పుతుంది, కానీ మరణాలు సరిపడా ఉండాలి. ఒక్కో అంశానికి కనీసం పది అన్నది వాడుకలో ఉన్న లెక్క. అరవై మంది పేషెంట్లలో మరణాలు 20 అయితే రెండు అంశాలకు మించి పెట్టకండి. దయచేసి ఎనిమిది పెట్టకండి! రెండు గ్రూపుల గీతలు ఒకదాన్నొకటి దాటితే మామూలు కాక్స్ ఇచ్చే ఒక్క నిష్పత్తిని (ఒక గ్రూపుకు ప్రమాదం ఇంకో గ్రూపు కంటే ఎన్ని రెట్లో చెప్పే అంకెను) నమ్మలేం, లాగ్-ర్యాంక్ కూడా బలహీనపడుతుంది.

మరణాలు తక్కువగా ఉండి, ఒకే అంశాన్ని చూస్తుంటే కప్లాన్-మేయర్ చాలు. నాలుగైదు అంశాల్లో ఏది సొంతంగా ప్రమాదమో తేల్చాలంటే, అందుకు తగినన్ని మరణాలు నమోదై ఉంటే, కాక్స్. అప్పుడు కూడా గ్రాఫ్ ముందే గీసి చూసుకోండి.