డబ్బు కట్టే ముందు చదవండి: రిపోర్టులో పేరు ఉన్నంత మాత్రాన ఆల్కలాయిడ్ దొరికినట్టు కాదు

మొక్కల ఎక్స్‌ట్రాక్టులను ప్రైవేటు ల్యాబులకు పంపి ఎల్‌సీ-ఎంఎస్ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి, వాటి అణువుల బరువు కొలిచే పరీక్ష) చేయించుకునే రీసెర్చ్ స్కాలర్లు, చిన్న హెర్బల్ కంపెనీలవాళ్లు జాగ్రత్తగా ఉండండి. మేం సర్పగంధి వేర్ల మెథనాల్ ఎక్స్‌ట్రాక్టు ఒక ల్యాబుకు పంపాం. అడ్వాన్సు బాగానే తీసుకున్నారు. చేతికొచ్చింది మాత్రం రంగురంగుల పీడీఎఫ్ ఒక్కటే. అందులో ఆల్కలాయిడ్ల (మొక్కల్లో ఉండే నైట్రోజన్ రసాయనాల) పట్టిక, ప్రతి పేరు పక్కనా "కన్ఫర్మ్‌డ్" అనే ముద్ర.

ఆ పట్టికలోని యోహింబిన్ అనే ఆల్కలాయిడ్ సంగతే చూడండి. ఎం/జెడ్ (అణువు బరువుకు మెషీన్ చూపే అంకె) 355.20 దగ్గర మూడు పీకులు (గ్రాఫులో శిఖరాలు) విడివిడిగా కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నదానికి యోహింబిన్ అని పేరు పెట్టి, మిగతా రెండింటి ఊసే ఎత్తలేదు. సర్పగంధి జాతి మొక్కల్లో రౌవోల్సిన్, కొరినాంథిన్ కూడా ఉంటాయి. మూడింట్లోనూ 21 కార్బన్లు, 26 హైడ్రోజన్లు, 2 నైట్రోజన్లు, 3 ఆక్సిజన్లే. తేడా అంతా అణువు మలుపులో ఉంది. అణువులను మెషీన్లో పగలగొట్టి చూసినా మూడూ ఎం/జెడ్ 144, 212 ముక్కలే ఇస్తాయి. అలాంటప్పుడు మాస్ ఎంత కచ్చితంగా వచ్చినా ఏది ఏదో ఎలా తెలుస్తుంది? స్వచ్ఛమైన స్టాండర్డును (ఏ పదార్థమో ముందే తెలిసిన నమూనాను) అదే కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం) మీద, అదే పద్ధతిలో నడిపి, రిటెన్షన్ టైము (ఆ గొట్టంలోంచి బయటికి రావడానికి పట్టే సమయం) కలుస్తోందో లేదో చూడాలి. స్టాండర్డు నడిపారా అని అడిగితే "లైబ్రరీ స్కోరు 90 దాటింది, అది చాలు సార్" అన్నారు. లైబ్రరీ అంటే తెలిసిన పదార్థాల మాస్ నమూనాల జాబితా; దానితో పోలిక ఒక్కటే చాలదు. యోహింబిన్ ప్రధానంగా ఆల్ఫా-2 రిసెప్టార్ల (శరీర కణాల మీద మందు పట్టుకునే చోట్ల) మీద, కొరినాంథిన్ ఆల్ఫా-1 మీద పనిచేస్తాయి. పేరు తారుమారైతే ఆ పైన రాసే ఫార్మకాలజీ అంతా తప్పే.

ఇంకా దారుణం రిసర్పిన్ అనే మరో ఆల్కలాయిడ్ సంగతి. పోల్చడానికి పంపిన వేపాకు శాంపిల్‌లో కూడా ఎం/జెడ్ 609.28 దగ్గర రిసర్పిన్ ఉందని రాశారు. వేపలో రిసర్పిన్ ఏమిటి? ఎంఎస్ మెషీన్ల సెన్సిటివిటీ పరీక్షకు చాలాచోట్ల వాడేది రిసర్పినే. దాని మరకో, ముందు నడిపిన మా వేర్ల శాంపిల్ మరకో ఇంజెక్టరులో మిగిలి ఉండాలి. మధ్యలో ఉత్త మెథనాల్ బ్లాంకు నడిపి ఉంటే అక్కడే బయటపడేది. బ్లాంకు చూపించమంటే "మళ్ళీ నడపాలంటే ఛార్జీ వేరే" అన్న జవాబు వచ్చింది. సర్పగంధిలో రిసర్పిన్ సహజంగానే ఉంటుంది కాబట్టి, ఆ వేపాకు పంపకపోతే ఈ లోపం ఎవరికీ కనిపించేదే కాదు.

జీసీ-ఎంఎస్ (పదార్థాలను ఆవిరి చేసి విడదీసే పరీక్ష) తీసుకున్నా ఇదే తంతు. పైగా రిసర్పిన్ లాంటి బరువైన అణువులు అందులోంచి మామూలుగా బయటికే రావు. లైబ్రరీ ఏదో ఒక పేరు చూపిస్తుంది, అంతే.

మెటబాలమిక్స్ (జీవుల్లోని చిన్న అణువులను అధ్యయనం చేసే శాస్త్రం) వాళ్లు 2007లోనే గుర్తింపును నాలుగు స్థాయిలుగా విడగొట్టారు. స్టాండర్డుతో సరిచూసినదే మొదటి స్థాయి. లైబ్రరీ పోలిక రెండోది, అంటే "కావచ్చు" అని మాత్రమే. కొటేషన్ అడిగేటప్పుడే ప్రతి పేరుకూ ఏ స్థాయో రాసిస్తారా, ఏయే స్టాండర్డులు వాళ్ల దగ్గర ఉన్నాయి, శాంపిళ్ల మధ్య బ్లాంకు నడుపుతారా అని మెయిల్లో అడగండి, ఫోన్లో వద్దు. రా డేటా ఎంజెడ్ఎంఎల్ (ఏ కంపెనీ మెషీన్ డేటానైనా చదవగలిగే ఉమ్మడి ఫార్మాట్) ఫైలుగా ఇవ్వాలని వర్క్ ఆర్డరులోనే రాయించండి. ఆ ఫైలుంటే, అందరికీ అందుబాటులో ఉన్న మాస్ నమూనాల డేటాబేస్ మాస్‌బ్యాంకులో మీరే సరిచూసుకోవచ్చు, ఇంకొకరికి చూపించుకోవచ్చు. మాకు మాత్రం "కంపెనీ పాలసీ ఒప్పుకోదు" అని ఇంతవరకూ ఇవ్వలేదు. మిగిలిన బిల్లు మేమూ ఆపేశాం.